తెలియనప్పుడు పాత అంకె

ఒక గీత కోసం ఎనిమిది నెలలు కొట్టుకున్నాం. అక్షరం కూడా కాదు, గీత. కీబోర్డులో ఎడమవైపు పై మూలన అలలాగా వంకర తిరిగిన చిన్న గీత ఒకటుంటుందే, అది. దాన్ని మా భాషలోకి తీసుకోవాలా వద్దా అని ఆరేడు దేశాల వాళ్ళం రాసుకున్నదంతా అచ్చు వేస్తే ఒక బీరువా నిండుతుంది. ఇప్పుడు అవి తీసి చదివితే రోత పుడుతోంది. అందులో అందరికంటే ఎక్కువ రాసింది నేనే.

మా భాష అంటే తెలుగు కాదు, యంత్రాలకు పని చెప్పే భాష. చిన్న చిన్న చిప్పుల లోపల, మధ్యలో ఇంకే సాఫ్ట్‌వేర్ ఆసరా లేకుండా నేరుగా నడిచే ప్రోగ్రాములు రాయడానికి కొంతమంది జీతం లేకుండా కూడి కట్టుకుంటున్న భాష. ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు. మొదటి వెర్షన్ ఇవాళో రేపో అంటూనే ఉన్నారు. ఇంటర్నెట్‌లో దానికొక చర్చావేదిక ఉంది. ఏ మాట ఉండాలి, ఏ గుర్తు ఉండకూడదు అన్నది అక్కడే తేలుతుంది. తేలుతుంది అనడం మర్యాద కోసం. వాక్యం చివర సెమికోలన్ పెట్టాలా వద్దా అని ఒక వానాకాలం, బ్రాకెట్టు అదే వరుసలో తెరవాలా కింది వరుసలో తెరవాలా అని ఒక ఎండాకాలం గడిపిన మనుషులం మేము. పెళ్ళిలో వంటవాళ్ళు గరిటె ఎవరిదని తన్నుకుంటూ అన్నం మాడబెట్టినట్టు ఉండేది మా యవ్వారం. అయినా రోజూ పోయేదాన్ని. నాలాంటి తెలివైనవాళ్ళు అక్కడే దొరుకుతారని నా మిడిసిపాటు.

నా ఉద్యోగం నెల్లూరు ఊరి చివర ఒక షెడ్డులో. రొయ్యల గుంటలకు కరెంటు ప్యానెల్ పెట్టెలు తయారు చేస్తాం. ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు పోతే రోడ్డుకు రెండు పక్కలా గుంటలే. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే రొయ్య బతకదు కాబట్టి నీళ్ళను చిలికే చక్రాలు తిప్పుతారు. ఏరియేటర్లు అంటారు. మా పెట్టె చేసేదల్లా ఒకటే. నీళ్ళలో ముంచిన సెన్సర్‌ను ఆక్సిజన్ ఎంతుందని నిమిషానికోసారి అడుగుతుంది. నాలుగుకు తగ్గితే చక్రాలు వేస్తుంది, పెరిగితే ఆపుతుంది. ఆ పెట్టెలో నడిచే ప్రోగ్రాము నేను రాసిందే. పాత భాషలో బాగానే నడుస్తున్నదాన్ని తీసి ఈ కొత్త భాషలో తిరగరాశాను. ఎవరూ రాయమనలేదు. మోజు, అంతే.

ఆ భాషలో అందరూ మెచ్చుకునే గుణం ఒకటుంది. ఏ పనైనా విఫలమయ్యే వీలుంటే, విఫలమైతే ఏం చేస్తావో అక్కడికక్కడే రాయమంటుంది. సెన్సర్‌ను అడిగావు, జవాబు రాలేదు, అప్పుడేం చేస్తావు? అది రాయకపోతే ప్రోగ్రామును ముందుకు కదలనివ్వదు. మంచి గుణమే. కానీ నా ప్రోగ్రామునిండా అలాంటి ప్రశ్నలే. ప్రతిదానికీ నాలుగేసి వరుసలు రాసి రాసి విసుగొచ్చేది. చాలాచోట్ల రాసేది కూడా ఒకటే, ఈసారికి పాత అంకెతో సర్దుకో అని. సెన్సర్ అప్పుడప్పుడూ ఒక నిమిషం మాట్లాడదు, మరుసటి నిమిషం మామూలుగా మాట్లాడుతుంది. దానికింత తతంగం ఎందుకని ఒళ్ళు మండి ఒక ప్రతిపాదన పెట్టాను. ప్రశ్న చివర అల గీత ఒకటి తగిలిస్తే చాలు. జవాబు రాకపోతే, చివరిసారి వచ్చిన జవాబునే ఇచ్చేయాలి.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. తరువాత అందరూ పట్టించుకున్నారు. అల గీత కంటికి ఆనదు, రెండు చుక్కలు పెడదామని ఒకడు. గుర్తులు వద్దే వద్దు, నిండు మాట పెడదామని ఒకామె. ఏది రాస్తే వేలు ఎన్నిసార్లు నొక్కాలో పట్టిక కట్టి తెచ్చాడు ఇంకొకడు. ఒక్క పెద్దాయన మాత్రం గుర్తు గురించి మాట్లాడలేదు. ఎక్కడో చలిదేశంలో ఓడల ఇంజన్ల మీద పనిచేసి రిటైరైన మనిషి. "జవాబు రాలేదన్న సంగతి ఎవరో ఒకరికి తెలియాలి. ఈ గీత ఆ సంగతిని దాచేస్తుంది" అని రాశాడు. ఎనిమిది నెలల్లో అదే మాట పది రకాలుగా రాశాడు. పోనీ, గీత పక్కన ఒక సంఖ్య అయినా పెట్టండి, ఎన్నిసార్లు పాత అంకెతో సర్దుకోవచ్చో ఆ సంఖ్య చెబుతుంది, అది దాటితే ప్రోగ్రాము ఆగి నిజం ఒప్పుకోవాలి అన్నాడు.

ఆ సంఖ్య వల్ల గీత అందం చెడిపోతుందని నేను రాశాను. అందం అన్న మాటే వాడాను. మీకు ఖాళీ ఎక్కువ, మాకు పని ఎక్కువ అని కూడా ఆయన్ను ఏడిపించాను. దానికి చాలామంది బొటనవేలు ఎత్తిన బొమ్మలు పెట్టారు. నేను వాటిని లెక్కపెట్టుకుని మురిసిపోయాను. చివరికి ఓటింగులో గెలిచాను, గీత భాషలోకి వచ్చింది. ఆ సాయంత్రం షెడ్డులో అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాను. ఎందుకో చెబితే మా యజమాని "గీతకా?" అని ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

గీత ఉన్న ప్రోగ్రాముతో మేము బిగించిన మొదటి పెట్టెల్లో ఒకటి మైపాడు దారిలో ఒక అక్క గుంటకు పోయింది. నాకు బంధువు కాదు. అక్కడ మాకంటే పెద్ద ఆడవాళ్ళను అలాగే పిలుస్తాం. వేటకు పోయే ఇంట్లో పుట్టి, రొయ్యల పని సొంతంగా నేర్చుకున్న మనిషి. మేత ఎంత వేయాలి, నీళ్ళు ఎప్పుడు మార్చాలి, అన్నీ ఆమె చేతుల మీదే. అయితే వరసగా రెండు పంటలు మచ్చల జబ్బుకు పోయాయి. ఇది మూడోది. ఇదీ పోతే గుంట వదిలేసి మళ్ళీ పడవెక్కుతానని ఆమె భర్త ముందే తేల్చి చెప్పాడు. గుంట పోతే ఆమెకు వలలు బాగుచేయడం, చేపలు ఎండబెట్టడం, అంతకుమించి పని లేదు. పెట్టె బిగించిన రోజు నాతో అంది. "ఈ పంట నిలబడితే నేను నిలబడినట్టేనమ్మే. లేకపోతే నా మాట ఎవురింటారు ఇంట్లో?"

పెట్టె రాకముందు చక్రాలు ఆమే వేసుకునేది, నీళ్ళ రంగు చూసి, ఆకాశం చూసి. మబ్బు పట్టిందంటే పగలంతా తిప్పేది. ఎండ లేకపోతే నీళ్ళలోని పచ్చటి నాచు ఆక్సిజన్ ఇవ్వదని ఆమెకు పాఠం ఎవరూ చెప్పలేదు, తెలుసంతే. నేను పోయి ఆ అలవాటు మాన్పించాను. స్విచ్ జోలికి పోవద్దక్కా, అంకె నాలుగుకు పైన ఉంటే నిశ్చింతగా ఉండు అని పదిసార్లు చెప్పాను. చదువుకున్నదాన్ని కదా అని నా మాట నమ్మింది.

ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు మా పక్క పనిముట్లన్నీ కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడతారు. ఇంజన్లు, మోటార్లు, వలలు, కత్తిపీటలు, మోటార్ సైకిళ్ళు, ఏదీ వదలరు. షెడ్డులో మా యజమాని వాకిట్లో బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, సరుకు తోలే ఆటో చక్రాలతో నిమ్మకాయలు తొక్కించి, నా కంప్యూటర్ తెరకు కూడా బొట్టు పెట్టాడు. నేను కళ్ళకద్దుకున్నాను. మా పెట్టెలున్న గుంటల దగ్గర చాలామంది పెట్టె మూతకు ఒక బొట్టు పెట్టి సరిపెట్టుకున్నారు. అక్క ఏ పనీ పైపైన చేసే రకం కాదు. సెన్సర్ కడ్డీని నీళ్ళలోంచి తీసి, శుభ్రంగా తుడిచి, కొస దాకా పసుపు పట్టించి, బొట్టు పెట్టి, హారతిచ్చి, మళ్ళీ నీళ్ళలో దించింది. అది వెలుతురుతో కొలిచే సెన్సర్. కొస మీద పసుపు పడితే దానికిక ఏమీ కనపడదు. ఆ సంగతి మేము ఎవరికీ చెప్పలేదు. పెట్టెతో ఇచ్చే పుస్తకంలో సబ్బు పెట్టవద్దని ఉంది గానీ పసుపు ఊసే లేదు. ఆ పుస్తకం రాసిందీ నేనే, ఆయుధ పూజ అంటే ఏమిటో ఎన్నడూ విననట్టు.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. పదకొండింటికి అక్క ఫోన్ చేసింది.

"అమ్మే, మబ్బు దిగి కూర్చోనుండాది. నీళ్ళు గూడా రంగు తిరిగినట్టుండాయి. చక్రాలు వేద్దునా?"

"అంకె ఎంత చూపిస్తా ఉండాదక్కా?"

"ఆరు పాయింట్ రెండు."

పెట్టె పంపే అంకె నా ఫోన్‌కూ వస్తుంది, చూశాను. ఆరు పాయింట్ రెండే. "బాగానే ఉండాది కదక్కా. వద్దులే."

"అంతేనంటావా?"

"అంతే."

అప్పుడు నేను తొందరలో ఉన్నాను. ఏం తొందరో చెబితే నా మొహాన నేనే ఉమ్ముకోవాలి. అల గీతకు ముందు ఒక ఖాళీ వదలాలా వద్దా అని చర్చావేదికలో కొత్త గొడవ మొదలైంది. వదలకూడదని నేను పేజీన్నర రాస్తున్నాను. రెండింటికి అక్క మళ్ళీ ఫోన్ చేసింది. ఇంకా రాస్తూనే ఉన్నాను, ఎత్తలేదు. మూడున్నరకు ఆమె భర్త చేశాడు.

నేను పోయేసరికి గుంట నాలుగు పక్కలా గట్టు వెంబడి చచ్చిన రొయ్య తేలి ఉంది. కొన్ని ఇంకా తోక కొడుతున్నాయి. చక్రాలు తిరుగుతున్నాయి. రొయ్యలు పైకి తేలడం చూశాక ఆమె చేత్తో వేసింది, అప్పటికే ఆలస్యమైంది. పెట్టె మీద మాత్రం అదే ఆరు పాయింట్ రెండు. అక్క తొడల లోతు నీళ్ళలో నిలబడి, ప్రాణం ఉన్నవాటిని రెండు చేతులతో చక్రాల వైపు తోస్తోంది. నన్ను చూసి తిట్టలేదు. "అంకె బాగుండాదమ్మే, చూడు" అంది, తప్పు తనదేమో అన్నట్టు. నీచు వాసన గుప్పుమని అక్కడే గట్టు మీద వాంతి చేసుకున్నాను. వాసనకు అలవాటు లేని మనిషి పాపం అని ఎవరో నీళ్ళు తెచ్చిచ్చారు.

మా యజమాని వచ్చి సెన్సర్ పైకి లాగాడు. పసుపు. ఆయన మొహంలో కనిపించిన ఊరట నేను మరిచిపోలేను. "సెన్సర్‌కు పసుపు పూస్తారా ఎవురైనా? మిషన్‌కు పూజలేందమ్మా?" అన్నాడు. పొద్దున గుమ్మడికాయ పగలగొట్టినప్పటి కుంకుమ ఆయన చేతులకు ఇంకా ఉంది. అక్క భర్త ఒక్క మాటే అన్నాడు. "నీ చేతులతోనే చంపుకున్నావు." అందరి ముందూ అన్నాడు.

రెండు రోజుల్లో ఆ దారి పొడవునా అదే మాట. పసుపు పూసి పంట చంపుకున్నదట. మేత కొట్టు దగ్గర దాని మీద నవ్వులు. ఆమె భర్త గుంట ఎండగట్టి, చక్రాలు అమ్మడానికి బేరం పెట్టాడు. ఆమె ఎదురు చెప్పలేదు. తన వల్లే పోయిందని తనే నమ్మింది. మా యజమాని నా చేత ఒక స్టిక్కర్ రాయించాడు, సెన్సర్‌కు పసుపు కుంకుమలు పూయరాదు అని, ఎర్రటి అక్షరాలతో. నేను రాశాను. అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చెయ్యమంటే చేసి కూడా ఇచ్చాను.

తప్పు ఆమెది కాదని నాకు మొదటి సాయంత్రమే తెలుసు. పెట్టెలో దాచిన రికార్డు తీసి చూశాను. సెన్సర్ అబద్ధం చెప్పలేదు. పసుపు పూసిన నిమిషం నుంచి, చదవలేకపోతున్నాను, చదవలేకపోతున్నాను అని నిమిషం నిమిషం మొరపెట్టుకుంటూనే ఉంది. నా గీత దాని నోరు మూసింది. మూసి, పూజకు ముందు వచ్చిన ఆరు పాయింట్ రెండును ఎప్పటికప్పుడు కొత్త అంకెలాగా చూపించింది. ఒక్క నిమిషం సర్దుకోవడానికి పెట్టిన గీత పూటంతా సర్దుకుంది. ఎంతసేపు సర్దుకోవాలో రాసే చోటే అందులో లేదు, నేనే ఉండనివ్వలేదు.

అయినా నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందని భయమా అంటే, షెడ్డు ఉద్యోగం కాకపోతే ఇంకోటి దొరుకుతుంది. పరువు. అది నా గీత అని అన్ని దేశాల వాళ్ళకూ తెలుసు. పరువు కోసం ఒక మనిషిని ఊరంతా చీదరించుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. నాలుగు రోజులు కంచం ముందు కూర్చుంటే అన్నంలోంచి నీచు వాసన వచ్చింది. అది అన్నానిది కాదని నాకు తెలుసు.

అయిదో రోజు పొద్దున చర్చావేదికలో ఉన్నది ఉన్నట్టు రాసి, అల గీతను తీసేయమని అడిగాను. వచ్చిన జవాబులు చదువుతుంటే ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టయింది. సెన్సర్‌కు మసాలా దట్టిస్తే భాష ఏం చేస్తుందని ఒకడు. ఆ మాటకు నవ్వు బొమ్మలు. వాడేవాళ్ళ అజాగ్రత్తకు గుర్తును శిక్షించకూడదని ఇంకొకడు. ఆ వాక్యం నాదే, ఒకప్పుడు నేను పెద్దాయనతో వాదిస్తూ రాసింది తీసుకొచ్చి నాకే అంటించాడు. ఇప్పటికే చాలామంది వాడుతున్నారు, తీస్తే వాళ్ళ ప్రోగ్రాములు పాడవుతాయి, కుదరదని నిర్వాహకులు. ఒకామె ఎంతో దయగా, ఒక గీత బదులు రెండు గీతలు పెడితే జనం జాగ్రత్తగా ఉంటారేమో అంది. గుంట ఎవరిదని, ఆ మనిషి ఏమైందని ఒక్కరూ అడగలేదు. కిందటి వారం వరకూ నేనైనా అడిగేదాన్ని కాదు.

ఓడల పెద్దాయన అందరికంటే చివర రాశాడు. నేను చెప్పలేదా అని దెప్పుతాడని పళ్ళు బిగపట్టి తెరిచాను. ఒకటే వరుస. "ఈ సంగతి ఆమెకు తెలుసా?"

కంప్యూటర్ మూసి మైపాడు బస్సెక్కాను.

గుంటలో నీళ్ళు తీసేశారు. అడుగు బురద నల్లగా కంపు కొడుతోంది. కొంగలు వాలకుండా గుంట మీద కట్టిన దారాలను విప్పి అక్క ఉండలు చుడుతోంది. నిలబడే చెప్పాను. గీతల గోల చెప్పలేదు.

"పసుపు పూసినాక పెట్టెకు కనపళ్ళేదక్కా. కనపడ్డం లేదని దానికి తెలుసు. అట్టా అయినప్పుడు ఆ మాట చెప్పకుండా పాత అంకెనే చూపించమని నేర్పింది నేను. పంట పోయింది నీ వల్ల కాదు, నా వల్ల."

ఆమె దారం చుట్టడం ఆపలేదు. ఆ ఉండ అయ్యాక పక్కన పెట్టి అడిగింది.

"తెలీదని చెప్తే ఏం పోయేది దానికి?"

"ఏం పొయ్యేది కాదు. నాలుగు వరసలు రాసేదానికి బద్ధకించినాను."

"నేను ఈడనే ఉండాను గదమ్మే, పొద్దున్నించీ. తెలీదని ఒక్క మాట చెప్పుంటే స్విచ్చి నేనే వేసుండేదాన్ని."

అంతే. ఎనిమిది నెలల్లో అంతమంది అన్ని వేల మాటలు రాశాం. యంత్రానికి తెలియనప్పుడు తెలిసిన మనిషి పక్కనే ఉండవచ్చన్నది నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. నన్ను తిట్టక్కా అన్నాను.

"తిడితే నీకు బాగుంటాది. నాకేమొస్తాది? నా ఒక్కదానికి చెప్పి నువ్వు బస్సెక్కి పోతే నీ బరువు దిగిపోతాది, నాది ఈడనే ఉంటాది. నవ్వినారే, వాళ్ళకు చెప్పు." కొంగు నడుముకు దోపుకుని నా ముందు నడిచింది.

మేత కొట్టు అరుగు మీద పదిమంది దాకా టీలు తాగుతున్నారు. అందరూ మా పెట్టెలు పెట్టుకున్న రైతులే. ఆమె భర్త ఉన్నాడు. స్టిక్కర్లు అతికించడానికి వచ్చిన మా యజమాని కూడా ఉన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. యజమాని లేచి, "ఏమ్మా, ఒంట్లో బాగలేనట్టుండాది, ఇంటికి పో" అన్నాడు. "బాగానే ఉండాను సార్" అని మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె భర్త టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

అరుగు చివర కూర్చున్న రైతు అడిగాడు. "అయితే మా పెట్టెల్లో గూడా అదే ఉండాదా?"

అయిదు రోజులుగా ఆ ప్రశ్నను నేను దగ్గరికి రానివ్వలేదు. పసుపు ఒక్కటే కాదు, నాచు పట్టినా, వైరు ఊడినా, పీత కొరికినా అదే జరుగుతుంది.

"ఉండాదన్నా. అన్నిట్లో ఉండాది."

అడిగిన రైతు తలెత్తి ఆకాశం చూశాడు. మబ్బుగా ఉంది. గ్లాసు కింద పెట్టి లేచాడు. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక అందరూ. మోటార్ సైకిళ్ళు ఒకదాని తరువాత ఒకటి స్టార్ట్ చేసి ఎవరి గుంటల వైపు వాళ్ళు పోయారు. యజమాని వాళ్ళను పిలుస్తూ రోడ్డు దాకా పరుగెత్తాడు. అక్క భర్త కూడా వాళ్ళతోపాటే లేచాడు. గబగబా నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. వాళ్ళకు పోవడానికి గుంట లేదు.